అమెరికా కంపెనీల తర్వాత స్విస్ ఆఫీసు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలో చదువు, గచ్చిబౌలిలో ఒక అమెరికా కంపెనీలో ఐదేళ్లు, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఇంకో అమెరికా కంపెనీలో ఆరేళ్లు. 2019లో జ్యూరిచ్‌లోని ఒక బీమా సంస్థలో డేటా ఇంజనీరుగా చేరాను. అప్పటి నుంచి కొత్తగా వచ్చినవాళ్లు, రాబోతున్నవాళ్లు ఫోన్ చేసి అడిగేవి, ఉగాది భోజనాల దగ్గర పక్కన కూర్చుని అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. నాకు తెలిసింది జర్మన్ మాట్లాడే ప్రాంతం. జెనీవా, లోజాన్ వైపు ఆఫీసు తీరు కొంచెం వేరుగా ఉంటుంది. కార్మిక చట్టం మాత్రం దేశమంతా ఒక్కటే.

అక్కా, అన్నిటికన్నా ముందు ఏది కొత్తగా అనిపిస్తుంది?

మన నోటి నుంచి వచ్చే "సరే" అనే మాట బరువు.

చేరిన రెండో వారంలో ఒక మీటింగులో "శుక్రవారానికి చేసేస్తాను" అన్నాను. ఇర్వింగ్‌లో ఆ మాటకు అర్థం "నాకు ఉత్సాహంగా ఉంది, ప్రయత్నిస్తాను" అని. శుక్రవారం కాకపోతే సోమవారం అయ్యేది, ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఇక్కడ నా ఎదురుగా కూర్చున్నాయన దాన్ని మీటింగు నోట్సులో నా పేరు పక్కన తేదీతో సహా రాసుకున్నాడు. శుక్రవారం పొద్దున పదింటికి వచ్చి ఎక్కడ ఉందని అడిగాడు. సగమే అయిందన్నాను. ఆయన కోప్పడలేదు, నవ్వలేదు, "ఓకే" అని వెళ్లిపోయాడు. తర్వాతి నెలలో అలాంటి పని వచ్చినప్పుడు ఇంకొకరికి ఇచ్చాడు. తిడితే ఆ రోజుతో మరిచిపోయేదాన్నేమో.

అప్పటి నుంచి నేను పాటించే పద్ధతి ఒకటే. నాలుగు రోజుల పని అనిపిస్తే ఆరు రోజులు అడుగుతాను. ఆరో రోజున ఇస్తాను. మధ్యలో తేడా వచ్చేలా ఉంటే మూడో రోజే చెప్తాను. గడువు మారడం ఇక్కడ తప్పు కాదు. ఆ సంగతి గడువు రోజున తెలియడమే తప్పు.

మనవాళ్లకు ఇంకో అలవాటు ఉంది, "కాదు" అనలేక "చూద్దాం" అంటాం. అమెరికా వాళ్లు అది విని పోనీలే అనుకుంటారు. ఇక్కడ "చూద్దాం" అంటే నిజంగానే మనం చూస్తామని ఎదురుచూస్తారు. "ఈ నెల నాకు కుదరదు" అని నేరుగా చెప్పండి, ఎవరూ నొచ్చుకోరు.

మీటింగుల్లో నిర్ణయాలు ఎందుకంత ఆలస్యం? ఒక మేనేజరు చెప్పేస్తే అయిపోదా?

ఎక్కువ మందికి విసుగు పుట్టించేది ఇదే కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చెప్తాను.

స్విట్జర్లాండ్ ప్రభుత్వాన్ని ఒకసారి చూడండి. దేశాన్ని నడిపేది ఏడుగురు సభ్యుల ఫెడరల్ కౌన్సిల్. వాళ్లలో ఒకరు అధ్యక్షులు, కానీ ఆ పదవి ఏటా చేతులు మారుతుంది, మిగతా ఆరుగురి మీద పెత్తనం ఉండదు. వేర్వేరు పార్టీల వాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. లోపల ఎంత వాదించుకున్నా, నిర్ణయం అయ్యాక ఓడిపోయిన పక్షం కూడా బయట దాన్నే సమర్థిస్తుంది. ముఖ్యమైన చట్టమేదైనా తేవాలంటే ముందు రాష్ట్రాలకు, పార్టీలకు, సంఘాలకు పంపి అభిప్రాయాలు తీసుకుంటారు. ఇంత చేసినా జనం సంతకాలు సేకరించి ఓటింగుకు పెట్టగలరు. చిన్నప్పటి నుంచి ఇది చూస్తూ పెరిగినవాళ్లు ఆఫీసులో మాత్రం ఒక్కరి మాటకు ఎందుకు తలూపుతారు?

కాబట్టి ఇక్కడ మీటింగు అంటే ముందే వండిన దాన్ని వడ్డించే చోటు. వంట అంతా అంతకుముందే, ఒక్కొక్కరి దగ్గర, కాఫీ మీద అవుతుంది. నా మొదటి పెద్ద ప్రతిపాదనను అమెరికా పద్ధతిలో, మంచి స్లైడ్లతో, ఊపుగా, అందరి ముందు మొదటిసారి చూపించాను. ఎవరూ వ్యతిరేకించలేదు. ఎవరూ ఒప్పుకోనూ లేదు. "ఆసక్తికరంగా ఉంది" అన్నారు, అంతటితో అది ఆగిపోయింది. ఆరు నెలల తర్వాత అదే ప్రతిపాదనను రెండు పేజీల కాగితంగా రాసి, నలుగురికి విడివిడిగా చూపించాను. వాళ్ల అభ్యంతరాలు కాగితంలోనే చేర్చి, మీటింగుకు మూడు రోజుల ముందు పంపాను. మీటింగులో దానికి పట్టింది పన్నెండు నిమిషాలు.

ఇంకో మంచి గుణం కూడా చెప్పాలి. ఇక్కడ ఒకసారి తేలిన విషయాన్ని మళ్లీ తవ్వరు. ఇర్వింగ్‌లో సోమవారం తీసుకున్న నిర్ణయం, పైవాళ్ల నుంచి ఒక మెయిల్ వస్తే గురువారానికి తలకిందులయ్యేది. నాలుగు రోజుల పని చెత్తబుట్టలోకి పోయేది. ఇక్కడ మొదట్లో పోయిన సమయం తర్వాత తిరిగి వచ్చేస్తుంది. మొత్తం లెక్కేస్తే ఇదే వేగమని నా అభిప్రాయం.

మీటింగు అజెండాను ఇక్కడ ట్రాక్టాండన్ అంటారు. మిగిలిపోయిన పనుల జాబితా పెండెంట్సన్. జర్మనీ జర్మన్ నేర్చుకుని వచ్చినవాళ్లకి కూడా ఈ మాటలు కొత్తే. ఆ జాబితాలో మీ పేరు ఎక్కడుందో ఎప్పుడూ చూసుకుంటూ ఉండండి.

నా పని బాగుందో లేదో ఎవరూ చెప్పరేం? తీసేస్తారేమోనని భయంగా ఉంది.

అమెరికాలో రోజుకు నాలుగుసార్లు "అద్భుతం" వినే చెవికి ఈ నిశ్శబ్దం భయంగానే ఉంటుంది. ఇక్కడ ఏమీ అనలేదంటే బాగానే ఉందని అర్థం. "నొద్ ష్లెఖ్ట్", అంటే "చెడ్డగా లేదు", అన్నారంటే అది మెచ్చుకోలు. మన తాతలు కూడా అంతే కదా, పరీక్షలో ఫస్టు వస్తే "ఊఁ, పర్లేదు" అనేవారు.

తప్పు ఉంటే మాత్రం నేరుగా చెప్తారు. ముందు రెండు పొగడ్తలు, మధ్యలో విమర్శ, చివర ఇంకో పొగడ్త అనే అమెరికా వరస ఉండదు. "ఈ లెక్క తప్పు, మూడో పట్టిక చూడండి" అంటారు, అంతే. అది మన మీద కోపం కాదు, ఆ పట్టిక గురించిన మాట. అమెరికాలో నేర్చుకున్న అలవాటుతో వెంటనే సమర్థించుకోవడం మొదలుపెట్టకండి, ముందు మూడో పట్టిక చూడండి.

సాయంత్రం ఐదున్నరకే ఆఫీసు ఖాళీ. ఆగి పనిచేస్తే మంచి పేరు వస్తుందా?

రాదు. పని సరిగ్గా పంచుకోలేకపోతున్నారేమో అనుకుంటారు.

ఆఫీసు ఉద్యోగులకు చట్టం పెట్టిన గరిష్ఠ పరిమితి వారానికి 45 గంటలు. కాంట్రాక్టుల్లో సాధారణంగా 40 నుంచి 42 ఉంటుంది. ఒక రోజు పనికి, మరుసటి రోజు పనికి మధ్య కనీసం 11 గంటల విరామం ఇవ్వాలి. పనిగంటలు నమోదు చేయించాల్సిన బాధ్యత యజమానిది. ఎక్కువ జీతం, పనివేళల మీద సొంత అధికారం ఉన్న కొందరికే అందులో మినహాయింపు. మొదటి నెల నేను ఆ నమోదును నిఘా అనుకుని బాధపడ్డాను. తర్వాత అర్థమైంది, అది నా తరఫున ఉన్న సాక్ష్యమని. కాంట్రాక్టు గంటలు దాటిన పని ఒక లెక్క, 45 దాటినది ఇంకో లెక్క, రెండింటికీ జర్మన్‌లో వేర్వేరు పేర్లున్నాయి. పై స్థాయి కాంట్రాక్టుల్లో "అదనపు పని జీతంలోనే కలిసి ఉంది" అని రాస్తారు, సంతకం పెట్టే ముందు ఆ వాక్యం వెతకండి.

గచ్చిబౌలిలో రాత్రి పదిన్నరకి టెక్సస్ కాల్. పక్క గదిలో అమ్మ టీవీ శబ్దం తగ్గించి కూర్చునేది. ఆ ఐదేళ్లలో ఇంట్లో అందరం కలిసి తిన్న రాత్రి భోజనాలు లెక్కపెట్టగలను. ఇక్కడ పని ముగిసే వేళకు ఫయరాబెండ్ అని ఒక పేరుంది. పండుగకు వాడే మాట అందులో ఉంది. వెళ్తూ వెళ్తూ అదే మాటను స్విస్ యాసలో "మంచి ఫీరాబిగ్" అని చెప్పుకుంటారు. ఆ మాట మొదటిసారి విన్న రోజు నేను ట్రైన్‌లో వింటర్‌టూర్ దాకా దాని గురించే ఆలోచిస్తూ వెళ్లాను.

కాలిఫోర్నియాతో పనిచేసే టీములో ఉంటే కొన్ని సాయంత్రాలు తప్పవు. వాళ్ల పొద్దున 9 అంటే మనకు సాయంత్రం 6. అలాంటి కాల్ ఉన్న రోజు పొద్దున ఆలస్యంగా మొదలుపెట్టండి, ఆ సంగతి ముందే క్యాలెండర్లో పెట్టండి. ఎవరూ ఏమీ అనరు.

సెలవులు నిజంగా వాడుకోవచ్చా?

వాడుకుని తీరాలి. కనీసం నాలుగు వారాలు చట్టం ఇచ్చింది, చాలా కంపెనీలు ఐదు ఇస్తాయి. అందులో కనీసం రెండు వారాలు ఒకేసారి ఇవ్వాలని కూడా చట్టమే చెప్తుంది. ఉద్యోగంలో ఉండగా సెలవుకు బదులు డబ్బు తీసుకోవడం కుదరదు. డాలస్‌లో "అపరిమిత సెలవులు" అన్న కంపెనీలో పనిచేసిన స్నేహితురాలు మూడేళ్లలో ఒక్కసారి ఇండియా వెళ్లింది, అదీ లాప్‌టాప్‌తో. ఇక్కడ మూడు వారాలు విజయవాడ వెళ్తానంటే మేనేజరు అడిగింది ఒకటే, నా స్థానంలో ఎవరు చూస్తారని. ఆ ప్రత్యామ్నాయ మనిషిని పేరుతో సహా చెప్పగలిగితే సగం అనుమతి వచ్చేసినట్టే.

అయితే ముందే చెప్పాలి. పిల్లలున్నవాళ్లు స్కూలు సెలవుల్ని బట్టి జనవరిలోనే తేదీలు పెట్టేసుకుంటారు. సంక్రాంతికి వెళ్లాలంటే అంతకుముందు వేసవిలోనే మాట వేయండి.

సెలవులో నిజంగా జబ్బు పడితే, డాక్టరు సర్టిఫికెట్ ఉంటే, ఆ రోజులు సెలవు ఖాతాలోకి తిరిగి వస్తాయి. జబ్బు సెలవులకు అమెరికాలోలాగా ఏడాదికి ఇన్ని రోజులనే చిన్న మూట కూడా ఉండదు. జ్వరంతో ఆఫీసుకు వస్తే అందరికీ అంటిస్తావని పంపించేస్తారు.

ఉద్యోగ ప్రకటనలో "80–100%" అని ఉంటుంది. జీతం తగ్గిస్తారా?

అది పెన్సుమ్, అంటే పూర్తికాలం పనిలో ఎంత భాగం చేస్తారన్నది. 80 శాతం అంటే సాధారణంగా వారానికి నాలుగు రోజులు, జీతమూ అదే నిష్పత్తిలో. అమెరికాలో ఈ మాట ఎత్తితే ఉద్యోగం మీద ఆసక్తి లేదనుకుంటారు. ఇక్కడ మా టీములో పదకొండు మందిలో నలుగురు శుక్రవారం రారు, వాళ్లలో ఇద్దరు తండ్రులు.

దీనికి ఒక కారణం స్కూళ్లు. చాలాచోట్ల పిల్లలు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేస్తారు, డే కేర్ ఖర్చు ఇంటద్దెతో పోటీ పడుతుంది. అందుకని తల్లులే ఎక్కువగా తగ్గించుకుంటున్నారు, అది నాకు నచ్చని సంగతి. పెన్సుమ్ తగ్గితే పెన్షన్ ఫండులో జమయ్యేది కూడా తగ్గుతుంది. చెల్లెళ్లకు నేను చెప్పేది ఇది: తగ్గించుకోవాల్సి వస్తే ఇద్దరూ చెరో 80 చేయండి, ఒకరు 100, ఇంకొకరు 50 వద్దు. ఇంకో జాగ్రత్త. మన పర్మిట్ ఒక నిర్దిష్టమైన ఉద్యోగం, జీతం చూసి ఇచ్చింది. తగ్గించే ముందు హెచ్‌ఆర్‌తో మాట్లాడండి.

పేర్లతో పిలవాలా? మర్యాద ఎలా?

ఈ విషయంలో తెలుగువాళ్లకు చెప్పాల్సింది తక్కువ. జర్మన్‌లో "జీ" అంటే మన "మీరు", "డు" అంటే "నువ్వు". పెద్దవాళ్లో, పై స్థాయిలో ఉన్నవాళ్లో "డు అనుకుందాం" అని చేయి కలిపే దాకా మనం జీ దగ్గరే ఉంటాం. మామయ్య వయసువాళ్లని చటుక్కున నువ్వు అనలేని మనకు ఇది ఒంట్లోనే ఉంది. అమెరికా ఇంగ్లిషులో పదేళ్లు ఉండి మరిచిపోయాం, అంతే. ఐటీ టీముల్లో మొదటి రోజు నుంచే డు నడుస్తుంది. బ్యాంకుల్లో, ప్రభుత్వ ఆఫీసుల్లో, కస్టమర్లతో జాగ్రత్తగా ఉండండి.

పలకరింపు మాత్రం తప్పనిసరి. జ్యూరిచ్‌లో "గ్రూయెట్సి", బెర్న్‌లో "గ్రూయెస్సెఖ్". లిఫ్టులో ఎక్కినా, మీటింగు గదిలోకి వెళ్లినా ఒక మాట అనాలి. ముభావంగా కుర్చీ లాక్కుని కూర్చుంటే అది తప్పుగానే కనిపిస్తుంది.

ఆఫీసులో ఇంగ్లిషే కదా, జర్మన్ ఎందుకు?

మీటింగు ఇంగ్లిషులో జరుగుతుంది. మీటింగుకు ముందు కాఫీ దగ్గర జరిగేదంతా స్విస్ జర్మన్ యాసలో. పైన చెప్పాను కదా, వంట అక్కడే అవుతుందని.

నేర్చుకోవాల్సింది మామూలు జర్మన్. యాస వింటూ ఉంటే రెండేళ్లకు అర్థమవుతుంది, మాట్లాడాల్సిన అవసరం లేదు. మీరు తడబడుతూ జర్మన్ మొదలుపెడితే మర్యాదకని వెంటనే ఇంగ్లిషులోకి మారిపోతారు. "నాతో జర్మన్‌లోనే మాట్లాడండి" అని అడగండి, ఓపిగ్గా మాట్లాడతారు. మనలాంటి వాళ్లకు మామూలుగా పదేళ్ల తర్వాత వచ్చే శాశ్వత నివాస పర్మిట్‌కు మాట్లాడటంలో ఏ2 స్థాయి, రాయడంలో ఏ1 స్థాయి కావాలి (భాషా పరీక్షల్లో ఏ1 మొదటి మెట్టు, ఆపైన ఏ2, తర్వాత బీ1). ఐదేళ్లకే ముందుగా అడగాలంటే మాట్లాడటంలో బీ1 చూపించాలి.

ఎవరూ ఇంటికి పిలవరు. నేనంటే ఇష్టం లేదా?

అలా అనుకోకండి. ఇర్వింగ్‌లో మొదటి వారంలోనే పక్క డెస్కు ఆయన శనివారం బార్బెక్యూకి పిలిచాడు. ఆరేళ్లలో ఆయన గురించి నాకు తెలిసింది ఆ మొదటి వారం తెలిసినంతే. ఇక్కడ మా టీములో ఒకావిడ మూడో ఏడు ఇంటికి పిలిచింది. నేను వంకాయ తింటానని, గుడ్డు తిననని ఎప్పుడో అన్నది గుర్తుపెట్టుకుని వండింది. ఇప్పుడు మా పాపకు జబ్బు చేస్తే నేను మొదట ఫోన్ చేసేది ఆవిడకే.

ఈలోగా చేయాల్సినవి ఉన్నాయి. పొద్దున తొమ్మిది ప్రాంతాల తినే చిరుతిండి, త్స్నూని, దగ్గరికి వెళ్లండి. పన్నెండింటికి అందరూ భోజనానికి లేచినప్పుడు లేవండి, డెస్కు దగ్గర డబ్బా తెరవకండి. అపేరో అని పిలిస్తే, అంటే పని తర్వాత నిలబడి కాసేపు తాగుతూ మాట్లాడుకోవడం, ఆపిల్ జ్యూస్ గ్లాసుతోనైనా వెళ్లండి. గ్లాసు తాకించేటప్పుడు కళ్లలోకి చూసి ఎదుటివారి పేరు పలకాలి.

పుట్టినరోజుకు కేకు మీరే తేవాలి. అమెరికాలో టీము తెస్తుంది కాబట్టి నాకు తెలియక మొదటి ఏడు ఎదురుచూశాను. తర్వాతి ఏడాది నుంచి నాన్న ఆత్రేయపురం నుంచి తెప్పించి పంపిన పూతరేకులు పెడుతున్నాను. కాగితం అనుకుని విప్పబోయిన వాళ్లందరికీ అలాగే తినేయమని చెప్పాలి.

లేఆఫ్ భయం ఇక్కడ కూడా ఉందా?

ఉంది, కానీ దాని ఆకారం వేరు.

అమెరికాలో నా పక్కనున్నావిడకు పొద్దున తొమ్మిదింటికి మెయిల్ వచ్చింది, తొమ్మిదిన్నరకి ఆమె బ్యాడ్జి పనిచేయలేదు. హెచ్1బీ వీసా మీద ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి ఉన్నదల్లా అరవై రోజుల గడువు, మెడికల్ ఇన్సూరెన్సు కూడా ఉద్యోగంతోనే పోయింది. ఆమెకు అప్పుడు ఐదో నెల.

స్విట్జర్లాండ్‌లో కూడా యజమాని తీసేయగలడు. యూరప్ అంటే ఉద్యోగం పోదనుకుని వస్తారు కొందరు, అది ఫ్రాన్స్‌ను చూసి అనుకునే మాట. ఇక్కడ కారణం చూపించాల్సిన పని లేదు. మీరు అడిగితే మాత్రం కారణం రాతలో ఇవ్వాలి. అన్యాయమైన కారణమని కోర్టులో తేలితే ఆరు నెలల జీతం దాకా పరిహారం వస్తుంది, ఉద్యోగం మాత్రం తిరిగి రాదు.

తేడా అంతా నోటీసులో ఉంది. ప్రొబేషన్ మామూలుగా ఒక నెల, కాంట్రాక్టులో మూడు నెలల దాకా పెట్టొచ్చు. ఆ సమయంలో నోటీసు ఏడు రోజులే. తర్వాత చట్టం ప్రకారం మొదటి ఏడాదిలో ఒక నెల, రెండో ఏడు నుంచి తొమ్మిదో ఏడు దాకా రెండు నెలలు, ఆపైన మూడు. చాలా కాంట్రాక్టుల్లో ప్రొబేషన్ దాటగానే మూడు నెలలు ఉంటుంది. ఆ నెలలన్నీ జీతం వస్తుంది. ప్రొబేషన్ దాటాక గర్భంతో ఉన్నప్పుడు, కాన్పు తర్వాత పదహారు వారాలు తీసేయడానికి వీల్లేదు. జబ్బుతో పనిచేయలేని స్థితిలో ఉన్నప్పుడు కూడా మొదటి ఏడు 30 రోజులు, రెండు నుంచి ఐదో ఏడు దాకా 90, ఆపైన 180 రోజుల రక్షణ ఉంది.

ఉద్యోగం పోయాక, గత రెండేళ్లలో పన్నెండు నెలలు చందా కట్టి ఉంటే, నిరుద్యోగ బీమా జీతంలో 70 శాతం ఇస్తుంది, పోషించాల్సిన పిల్లలుంటే 80. లెక్కలోకి తీసుకునే జీతానికి ఏడాదికి 1,48,200 ఫ్రాంకుల పరిమితి. నోటీసు అందిన వెంటనే ఉద్యోగం వెతకడం మొదలుపెట్టి ఆ రుజువులు దాచుకోండి, ఉపాధి కార్యాలయం అడుగుతుంది. మీరే మానేసి వెళ్తే కొన్ని వారాల భత్యం కోత పడుతుంది.

నోటీసు రెండు వైపులా వర్తిస్తుంది. అమెరికాలోలాగా రెండు వారాల్లో మారిపోదామంటే కుదరదు. రాజీనామా నెలాఖరుకు లెక్క, అదీ ఉత్తరం అవతలివాళ్లకు అందిన తేదీని బట్టి. 31న పోస్టు చేస్తే ఒక నెల ఎక్కువ పనిచేయాలి. చేతికిచ్చి సంతకం తీసుకోండి.

జీతం తక్కువగా అనిపిస్తోంది. స్టాకులు లేవు.

స్విస్ కంపెనీల్లో స్టాకులు చాలావరకు పై స్థాయికే. ఏడాది జీతాన్ని సాధారణంగా పదమూడు భాగాలుగా ఇస్తారు, పదమూడోది నవంబర్‌లోనో డిసెంబర్‌లోనో వస్తుంది. అది బోనస్ కాదు, జీతంలో భాగం. ఆఫరు చూసేటప్పుడు నెల జీతాన్ని 12తో గుణించాలా 13తోనా అని అడగండి.

వృద్ధాప్య, వైకల్య బీమాలకు మీ వాటా 5.3 శాతం, నిరుద్యోగ బీమాకు 1.1. పెన్షన్ ఫండులో కనీసం సగం యజమాని కడతాడు, కొందరు మూడింట రెండొంతులు కడతారు. ఆఫర్లు పోల్చేటప్పుడు మనవాళ్లు చూడని అంకె అదే.

ఆరోగ్య బీమాను మాత్రం కంపెనీ ఇవ్వదు. వచ్చిన మూడు నెలల్లో ఇంట్లో ప్రతి ఒక్కరికీ విడిగా మీరే తీసుకోవాలి. పెద్దవాళ్లకు ఏడాదికి 300 నుంచి 2,500 ఫ్రాంకుల దాకా ముందు మీరు భరించే మొత్తాన్ని ఎంచుకోవచ్చు. ఖర్చే, కాదనను. కానీ ఇర్వింగ్‌లో నా పక్కనున్నావిడకు జరిగింది ఇక్కడ జరగదు. ఉద్యోగం పోయినా బీమా పోదు.

ఆర్బైట్స్‌త్సోయ్గ్నిస్ అంటే ఏమిటి?

మీ పని ఎలా ఉందో యజమాని రాసిచ్చే పత్రం. ఎప్పుడు అడిగినా ఇవ్వాలని చట్టం. అది నిజం చెప్పాలి, అదే సమయంలో మీ భవిష్యత్తుకు అడ్డు పడకూడదు. ఈ రెండింటి మధ్య ఒక రహస్య భాష పుట్టింది. "ఎప్పుడూ మాకు పరిపూర్ణమైన తృప్తి కలిగేలా పనిచేశారు" అంటే మొదటి తరగతి. "మాకు తృప్తి కలిగేలా" అంటే అంతంతమాత్రం. "తృప్తి కలిగించడానికి కృషి చేశారు" అంటే గట్టి దెబ్బ. జర్మన్ తెలిసినవాళ్లతో చదివించుకోకుండా ఒప్పుకోకండి, మార్చమని అడగొచ్చు.

మీ మేనేజరు మారుతున్నప్పుడు మధ్యంతర పత్రం అడిగి తీసుకోండి. అప్పుడు అడగడం మామూలే, మీరు వెళ్లిపోతున్నారని ఎవరూ అనుమానించరు.

మా బాస్ డిగ్రీ చదవలేదట. నిజమా?

అయి ఉండొచ్చు. ఇక్కడ పదిహేను, పదహారేళ్లకు ఎక్కువమంది పిల్లలు లేరె అనే అప్రెంటిస్‌షిప్‌లో చేరతారు. వారంలో కొన్ని రోజులు కంపెనీలో పని, మిగతా రోజులు స్కూలు. యూబీఎస్ బ్యాంకును నడిపిన సెర్జియో ఎర్మోట్టి కూడా లుగానోలో ఒక బ్యాంకు అప్రెంటిస్‌గానే మొదలయ్యారు. ఇంజనీరింగ్ సీటుతో మనిషి విలువ కట్టే ఊళ్ల నుంచి వచ్చిన మనం ఈ ఒక్క విషయం మనసారా మార్చుకోవాలి. ఎదురుగా ఉన్న పదిహేడేళ్ల పిల్లాడు టీ తెచ్చే కుర్రాడు కాదు, మీ సహోద్యోగి.

మధ్యలో ఒకతను మూడు వారాలు మాయమయ్యాడు. ఏమైంది?

సైన్యంలో ఏటా జరిగే రిఫ్రెషర్ శిక్షణ. స్విస్ మగవాళ్లకు సైనిక సేవ తప్పనిసరి. ప్రాజెక్టు ప్లాన్‌లో దానికి చోటు ఉంచండి.

జ్యూరిచ్‌లోని అమెరికా కంపెనీలో చేరితే ఇవన్నీ వర్తిస్తాయా?

చట్టం మొత్తం వర్తిస్తుంది. పని తీరు మేనేజరు ఎక్కడ కూర్చున్నాడన్న దాన్ని బట్టి ఉంటుంది.

అమ్మానాన్నలకు ఒంట్లో బాగోకపోతే హఠాత్తుగా వెళ్లగలమా?

ఎక్కువ మంది చివరగా, గొంతు తగ్గించి అడిగేది ఇదే.

2021 నుంచి చట్టంలో ఒక చిన్న సౌకర్యం ఉంది. ఇంట్లోవాళ్ల అనారోగ్యానికి ఒక్కోసారి మూడు రోజుల దాకా, ఏడాదికి మొత్తం పది రోజుల దాకా జీతంతో సెలవు. విజయవాడ వెళ్లి రావడానికి మూడు రోజులు ఏ మూలకి? మిగతాది మీ వార్షిక సెలవు నుంచి, లేదా జీతం లేని సెలవుగా మాట్లాడుకోవాలి. ఎవరైనా పోతే కాంట్రాక్టులో రెండు మూడు రోజులు ఉంటాయి. మన పెద్దకర్మ దాకా ఉండాలంటే ఎందుకో విడమరిచి చెప్పండి. పదకొండో రోజు, పన్నెండో రోజు అంటే ఏమిటో వాళ్లకు తెలియదు, చెప్తే శ్రద్ధగా వింటారు. ప్రతి ఏడాదీ ఐదు రోజుల సెలవు ఇందుకోసం పక్కన పెట్టుకోండి, డిసెంబర్ దాకా వాడకండి.

2022లో నాన్నకు గుండె ఆపరేషన్ అన్నారు. మంగళవారం పొద్దున మేనేజరు గదికి వెళ్లి చెప్పాను. అమెరికాలో అయితే కౌగిలించుకుని, "ఏం కావాలన్నా చెప్పు" అని, సాయంత్రానికి "వీలైతే ఈ ఒక్క ఫైలు చూడగలవా" అని మెసేజ్ పెట్టేవారు. అది నాకు ఒకసారి జరిగింది కూడా. ఈయన ఒక్క ఓదార్పు మాట అనలేదు. పెండెంట్సన్ జాబితా తెరిచాడు. నా పేరు మీద తొమ్మిది పనులున్నాయి. ఇద్దరిని పిలిచి, ఒక్కొక్కటీ ఎవరు చూస్తారో ఇరవై నిమిషాల్లో తేల్చి, పక్కన వాళ్ల పేర్లు రాశాడు. ఆఫీసు ఫోన్ ఇక్కడే వదిలి వెళ్లమన్నాడు. ఆ రాత్రి విమానానికి వెళ్లాను.

రెండు వారాల రెండు రోజులు ఉన్నాను. నా సొంత నంబరు వాళ్లందరి దగ్గరా ఉంది. ఒక్కరు కూడా పని గురించి మెసేజ్ పెట్టలేదు. తిరిగి వచ్చిన రోజు జాబితా తెరిస్తే ఏడింటి పక్కన "పూర్తి" అని, తేదీ, చేసినవాళ్ల పొడి అక్షరాలు ఉన్నాయి. మిగతా రెండింటి పక్కన "ఆమె వచ్చాక" అని రాసి ఉంది. నాన్న ఎలా ఉన్నారని మేనేజరు అప్పుడు అడిగాడు. లేచి నడుస్తున్నారని చెప్పాను.